స్టీరింగ్ కింది అతుకు

ఆ ఆదివారం ఆరాధనలో ప్రభు బల్ల ద్రాక్షరసం గిన్నె నా వరకు వచ్చింది. పెదవికి ఆనించకుండా పక్కనున్న ముసలాయనకు దాటించాను. మా సూర్యాపేట సంఘంలో అలా దాటిస్తే పాట ఆగదు, ప్రార్థన ఆగదు. కానీ అందరి కళ్లూ ఒకసారి మన మీదికి వచ్చి పోతాయి. లోపల ఏదైనా దాచుకుని ఆ గిన్నె ఎత్తకూడదని చిన్నప్పటి నుంచి వాక్యంలో నేర్చుకున్నవాణ్ణి. నేను దాచుకున్నది ఒక వెల్డింగు.

ఎనభైల చివరి సంవత్సరాలవి. హైవే పక్కన మా ఉస్తాద్ షెడ్డులో పగిలిన లారీ ఫ్రేములు అతకడం నా పని. వడ్ల సీజనులో మోయలేనంత బరువెత్తి ఫ్రేములు పగిలేవి. మందపాటి రేకు వేసి బిగించి పంపేవాళ్లం. అంతకు మించి మాకు తెలిసింది లేదు.

అప్పుడు మిర్యాలగూడ నుంచి ఒక రైసుమిల్లు యజమాని లారీ మీద పాత పందెం కారు తెచ్చాడు. కోస్తా నుంచి వచ్చి స్థిరపడిన మనిషి. ఇంగ్లీషువాళ్ల రెండు సీట్ల బండి, పైకప్పు లేదు. హైదరాబాదులో ఒక పాత బంగళా వెనక కోళ్లు గుడ్లు పెట్టుకునే చోట దొరికిందట. మద్రాసు దగ్గర పాత కార్ల పందెంలో దాన్ని తనే నడుపుతానన్నాడు.

ఉస్తాద్ కింద దూరి చూసి బయటికొచ్చాడు. "ఇది ఫ్రేమా, అప్పడమా సార్?"

"అప్పడమే ఉస్తాదూ. దాన్ని రొట్టె చెయ్యి. బండరాయి మాత్రం చెయ్యకు."

ఇనుముకు కిరసనాయిలు రాసి, తుడిచి, పైన సుద్దపొడి చల్లాం. పగుళ్లలో దాక్కున్న నూనె ఊరి, తెల్లటి పొడి మీద తడి గీతలు లేచాయి. ప్రతి గీత చివరా చిన్న రంధ్రం వేశాం, పగులు ముందుకు పాకకుండా. ఫ్రేము పట్టీలు ఒక పక్క తెరుచుకుని ఉండేవి. ఆ పక్క రేకుతో మూసి పెట్టెలా చేస్తే మెలి తిరగదు. నేను అలవాటుగా లారీ రేకు తీసుకున్నాను. ఉస్తాద్ దాన్ని నా చేతిలోంచి గుంజుకున్నాడు.

"వడ్ల లారీకేస్తున్నవార? ఇది ఉరకాలె, మొయ్యద్దు. సన్నది తియ్. కొసలు ఏటవాలుగ కొయ్, తిన్నగ కోస్తే ఆ కొసకాడనే మల్ల పల్గుతది."

మొత్తం పద్నాలుగు అతుకులు. పద్నాలుగోది స్టీరింగు పెట్టెను ఫ్రేముకు పట్టి ఉంచేది. అది తెగితే చక్రాలు డ్రైవరు మాట వినవు. దాన్ని రెండు పొరలుగా పొయ్యాలి. మొదటి పొర మీద కట్టే నల్లటి పెచ్చును సుత్తితో కొట్టి, బ్రష్షుతో రాసి, అప్పుడు రెండోది. పెచ్చు మధ్యలో ఉండిపోతే అతుకు పైకి బాగున్నా లోపల పట్టు ఉండదు.

ఆ సాయంత్రం మా సంఘం ఉజ్జీవ ప్రార్థన సభల ఆఖరి రోజు. పాటలు ఎత్తుకోవాల్సింది నేను. మొదటి పొర పోసేసరికి మైదానంలో మైకు సరిచూస్తున్న చప్పుడు షెడ్డు దాకా వినిపించింది. పెచ్చు కొట్టకుండానే దాని మీద రెండో పొర పోసి, చేతులు కడుక్కుని పరుగెత్తాను. గొంతెత్తి పాడాను కూడా.

పొద్దున ఉస్తాద్ ఆ అతుకు చూశాడు. చేప పొలుసుల్లా వరసగా ఉంది. "మంచిగ కుదిరింది" అన్నాడు. అన్నేళ్లలో ఆయన నా పనిని మెచ్చుకోవడం రెండోసారో మూడోసారో. పెచ్చు సంగతి దాచి, కారును లారీ మీదికి తోశాను. కారు మిర్యాలగూడ వెళ్లిపోయింది.

మూడు రోజులు ఒక చోట కూర్చోలేకపోయాను. తింటూ లేచేవాణ్ణి. ప్రార్థనకు మోకరిస్తే సగంలో లేచి వాకిట్లోకి పోయేవాణ్ణి. ఆదివారం గుడి నుంచి వస్తూ మా ఆవిడ అడిగింది.

"గిన్నె ఎందుకు దాటిచ్చినవ్? నాతోటి లొల్లేం లేదు గద."

"నీతోటి కాదు."

"మరి ఎవలతోటి?"

"ఇనుముతోటి."

ఆమె నడక ఆపి నన్ను చూసింది. "అయితే ఇనుము కాడికే పో. నా మొకం సూస్తే ఏమొస్తది?"

ఉస్తాద్ ఇంటికి వెళ్లి చెప్పాను. సభల కోసం తొందరపడ్డానన్నాను.

"పెచ్చు కొట్టేంతసేపు నీ దేవుడు ఆగకపోతుండెనా?" అన్నాడు. "మూడు దినాలు సప్పుడు జెయ్యకుండ కూసున్నవ్. ఇయ్యాల బండి మద్రాసు పోతుంది. కోదాడల తింటరట. ఉరుకు."

తెల్ల చొక్కాతో, చేతిలో బైబిలుతో అలాగే బస్సెక్కాను. సీటు ఉన్నా నిలబడే ఉన్నాను. బస్సు ఆగిన ప్రతిచోటా నా కాళ్లు దిగి పరుగెత్తబోయాయి. కోదాడలో హుజూర్‌నగర్ రోడ్డు కలిసే చోట హోటలు ముందు లారీ కనిపించింది. పైన పట్టా కింద కారు. యజమాని అన్నం కలుపుతున్నాడు.

జరిగింది చెప్పాను. విన్నాడు. చెయ్యి కడుక్కున్నాడు. లారీ ఎక్కి తాళ్లు విప్పించి, కిరసనాయిలు, సుద్ద తెప్పించాడు. రాశాం, తుడిచాం, చల్లాం. పొడి తెల్లగా అలాగే ఉంది.

"పాలలా ఉంది కదయ్యా. ఏదీ నీ పగులు?"

అక్కడితో ఊరుకుని వెనక్కి బస్సెక్కవచ్చు. కాళ్లు అటే లాగాయి.

"పైకి రాదు సార్. లోపలున్నది. మీద కప్పిన."

"నీకెలా తెలుసు?"

"నేనే కప్పిన గద సార్."

ఎదురుగా లారీలు అతికే షెడ్డు ఉంది. చెక్కల మీదుగా కారు దింపి అక్కడికి తోశాం. గ్రైండరుతో అతుకు పైపొర అరగదీశాను. కింద నల్లటి గీత, వేలెడంత పొడవు. యజమాని వంగి గోటితో గీకాడు. పెచ్చు రాలి ఆయన అరచేతిలో పడింది. దాన్ని వేళ్లతో నలిపి చూశాడు.

"నువ్వే చెయ్యి. నేనిక్కడే నిలబడతా."

ఆదివారం పనిముట్టు ముట్టనని ఏళ్లుగా పట్టుదలతో ఉన్నవాణ్ణి. ఆ రోజు ముట్టాను. తొలి పొర పోసి, పెచ్చు రాలగొట్టి, ఇనుము మెరిసేదాకా రాసి, ఆయనకు చూపించి రెండోది పోశాను. చల్లారాక ఆయన అడిగాడు.

"మిగతా పదమూడూ?"

"బాగనే ఉన్నయ్ సార్."

"ఇదీ బాగుందనేగా మీ ఉస్తాద్ పంపించింది? ఎక్కు."

పక్క సీట్లో కూర్చున్నాను. బైబిలు ఒళ్లో పెట్టుకున్నాను. సూర్యాపేట వైపు హైవే మీద వదిలాడు. అంత వేగం నా ఒంటికి ఎప్పుడూ తెలియదు. ఎదురుగా లారీ వస్తుంటే చివరిదాకా తప్పుకోడు. ఖాళీ రోడ్డు దొరికితే స్టీరింగు కావాలనే అటూ ఇటూ తిప్పుతాడు. నా కళ్లు రోడ్డు మీద లేవు. అరికాళ్లతో కింది ఇనుమును వింటున్నాను. ఒక్కో అతుకునూ తలుచుకుని ప్రార్థించాను. ముందు ఎడమది, అడ్డపట్టీ కిందిది, వెనక చక్రం దగ్గరిది. ఆ పదమూడూ బాగా చేశానని పొద్దుటిదాకా తెలుసు. ఇప్పుడు ఒక్కటీ తెలియదు.

మునగాల దాటాక చెట్ల నీడన ఆపాడు. కింద దూరి, వెంట తెచ్చిన కిరసనాయిలు రాసి తుడిచి, పద్నాలుగింటికీ సుద్ద వేశాను. తెల్లగానే ఉంది.

"భయమేసిందా?"

"ఏసింది సార్."

"ఇప్పుడు చేసినదానికా?"

"కాదు. ఆ పదమూడింటికి."

మొదటిసారి నవ్వాడు. "నాకూ అంతే. ఇక బస్సులో పో."

బండి కోదాడ వైపు తిప్పుకుని వెళ్లిపోయాడు. ఆ చప్పుడు వినిపించినంతసేపు రోడ్డు మీదే నిలబడ్డాను.

పందెంలో చివరి నుంచి రెండోవాడుగా వచ్చాడట. బండి తిన్నగా తిరిగొచ్చిందని ఉస్తాద్‌కు కబురు పంపాడు. నా గురించి ఏమీ అనలేదు.

నెల తిరిగాక గిన్నె మళ్లీ నా వరకు వచ్చింది. పక్కనున్న ముసలాయన గుసగుసగా, "తాగుతవా, ఈ పాలి గూడ నాకే దాటిస్తవా?" అన్నాడు. తాగాను. మింగుతూ ఉండగానే, నిన్న సాయంత్రం అతికిన లారీ గుర్తొచ్చింది. పెచ్చు కొట్టానా? కొట్టాను. కొట్టినట్టే గుర్తు. ఆఖరి ప్రార్థన అయీ అవకముందే లేచి షెడ్డుకు నడిచాను.