పేరు ముందే చెప్తే అక్క రేడియో కట్టేస్తుంది

2023 ఎండాకాలం. తిరుపతిలో మా రేడియో స్టేషన్. శ్రోతలే తమ జీవితంలోని ఒక సంగతి రాసుకొచ్చి, సొంత గొంతుతో చదివే ఐదు నిమిషాల కార్యక్రమం అప్పట్లో నా నెత్తిన ఉండేది. వినేవాళ్లకు ఐదు నిమిషాలే గానీ నాకు పూటంతా పట్టేది. వచ్చినవాళ్లలో సగంమంది మైకు కనబడగానే "వేదిక నలంకరించిన పెద్దలకు" అని మొదలుపెడతారు. స్టూడియోలో వేదికా ఉండదు, పెద్దలూ ఉండరు, గాజు అద్దానికి ఇవతల తల పట్టుకుని నేనుంటాను. మిగతా సగంమంది గాజులు గలగలలాడిస్తూ, కాగితాలు రెపరెపలాడిస్తూ చదువుతారు. చప్పుడైన ప్రతిసారీ టేక్ ఆపాలి. టేక్ అంటే ఒక విడత రికార్డింగు. చెప్పీ చెప్పీ నా నోరు అరిగిపోయింది.

అలాంటి రోజుల్లో పాకాల నుంచి సుగుణమ్మ వచ్చింది. అరవై దాటిన మనిషి, ఇంట్లోనే జాకెట్లు కుడుతుంది. నేను చెప్పకముందే గాజులు తీసి సంచిలో వేసుకుంది, ఫోను ఆపేసింది. ఇవాళ పెందలాడే ఇంటికి పోవచ్చని సంతోషపడ్డాను. ఆశకైనా హద్దుండాలి.

ఓపెనింగ్ అనౌన్స్‌మెంట్ రాసి చూపించాను. ప్రసంగానికి ముందు మా అనౌన్సరు మాట్లాడేవారి పేరూ ఊరూ చెప్పే నాలుగు మాటలవి. అది చదివి ఆమె కాగితం వెనక్కి తోసేసింది.

"నా పేరు సెప్పొద్దు మేడం."

"ఎవరు మాట్లాడుతున్నారో వినేవాళ్లకు తెలియొద్దామ్మా?"

"కడాకు సెప్పండి, వద్దన్లేదు. ముందే సెప్తే మా యక్క రేడియో కట్టేస్తాది."

అక్క పేరు రాజమ్మ. నాయుడుపేటలో టిఫినంగడి. అంగట్లో పొద్దుననగా పెట్టిన రేడియో అంగడి మూసేదాకా మోగుతూనే ఉంటుందట. ఆరేళ్ల కిందట వాళ్లమ్మ పాకాలలో సుగుణమ్మ ఇంట్లో పోయింది. కబురందగానే రాజమ్మ బయల్దేరింది, కానీ దారిలో బస్సు ఆగిపోయింది. ఇక్కడేమో పొద్దు గూకకముందే ఎత్తాలని పెద్దలు పట్టుబట్టారు. సుగుణమ్మ కాళ్లావేళ్లా పడ్డా ఆగలేదు. రాజమ్మ వచ్చేసరికి చితి అంటుకుంది. "అమ్మ మొగం గూడా సూడనీలేదు గదే" అని ఆ నిలబడ్డచోటి నుంచే వెనక్కి తిరిగిపోయింది. అప్పటి నుంచి మాటల్లేవు. ఫోను చేస్తే గొంతు వినగానే పెట్టేస్తుంది. సుగుణమ్మ అంగడి దాకా వెళ్తే లోపలికి పోయి తలుపేసుకుంది.

"మరి రేడియోలో ఏం చెప్తావమ్మా?" అన్నాను.

"ఒగ మాటుండాది మేడం. అది మా యక్కకు తెల్దు. సెప్పేదానికి ఇడిస్తే గదా!"

మా పైఅధికారితో వాదించడానికే మధ్యాహ్నం దాకా పట్టింది. పేరు ముందు చెప్పడం మా పద్ధతి. పద్ధతంటే ఆయనకు ప్రాణం. చివరికి, ప్రసంగం అయిపోయాక వచ్చే క్లోజింగ్ అనౌన్స్‌మెంట్‌లో పేరు చెప్పేలా ఒప్పుకున్నాడు. "మీరూ, మీ అక్కచెల్లెళ్లూ" అని విసుక్కున్నాడు కూడా. నాకేదో సొంత అక్క ఉన్నట్టు.

రెడ్ లైట్ వెలిగింది. సుగుణమ్మ నోరు విప్పింది. నేను ఉలిక్కిపడ్డాను. అది ఆమె గొంతు కాదు. ముక్కుతో, సాగదీస్తూ, వార్తలు చదివే మనిషిని వెక్కిరిస్తున్నట్టుంది. టేక్ ఆపేశాను.

"ఏందమ్మా ఇది?"

"గొంతు గుర్తుపడితే కట్టేస్తాది గదా మేడం. సగం దాకా ఇట్ట పోయి, ఆ మాట కాడ నా గొంతుకు వస్తా."

రెండోసారి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. మూడోసారి మగగొంతు ప్రయత్నించి దగ్గింది. అవతల పిల్లల కార్యక్రమం వాళ్లు స్టూడియో కోసం తలుపు దగ్గర కాచుకుని ఉన్నారు. నాకు ఒళ్లు మండిపోయింది. టాక్‌బ్యాక్, అంటే నా మాట లోపలికి వినిపించే మీట, గట్టిగా నొక్కాను.

"నువ్వు అబద్ధం గొంతుతో మొదలుపెడితే, ఆ తర్వాత చెప్పే నిజం ఎవరమ్మా నమ్మేది? మీ అక్క అసలే నమ్మదు!"

కోపంలో అన్నమాటే. ఆమె మాత్రం కొంగు సర్దుకుని, నీళ్లు తాగింది. తర్వాత "పెట్టండి మేడం" అంది.

ఈసారి తన గొంతే. పితికిపప్పుతో మొదలుపెట్టింది. చలికాలంలో అమ్మ అనపగింజలు నానబెడితే అక్కచెల్లెళ్లిద్దరూ కూర్చుని ఒక్కో గింజా పితికి తొక్క తీసేవాళ్లట. అక్క పితికిన గింజ ఎగిరొచ్చి చెల్లెలి కంట్లో పడేదట. ఎదురుగా అక్క ఉన్నట్టే నవ్వుతూ చెప్పింది. ఆ నవ్వులోంచే అమ్మ పోయిన రోజుకు వచ్చింది. మా చిత్తూరు వైపు, పోయినవాళ్ల నోట్లో అయినవాళ్లు తలా కొన్ని బియ్యం వేస్తారు. వాయికరిసి అంటారు. అది వేయలేకపోవడం బిడ్డలకు తీరని కొరత.

"యక్కా, నా బియ్యం ఏసినాక పెద్దోళ్లు సాలు లెమ్మన్నారు. నేను లేయలేదు. ఇంగో పిడికెడు తీసుకోని, 'అమ్మా, ఇది రాజమ్మది, దోవలో ఉండాది' అని సెప్పి నీది గూడా ఏసినా. అమ్మ నీ బియ్యం తినే పోయింది యక్కా. నిన్ను ఇడిసిపెట్టి పోలేదు."

కాగితంలో అంతవరకే ఉంది. ఆమె చదవడం ఆపాక కూడా నేను రెడ్ లైట్ ఆర్పలేదు. పిల్లల కార్యక్రమం వాళ్లు తలుపు కొట్టాక గానీ చెయ్యి కదల్లేదు. ఏడ్చాను. అందులో దాచడానికేముంది?

ప్రసారమైన రోజు పొద్దున్నే స్టేషన్‌కు ఫోనొచ్చింది. అవతల ఒకామె ఎత్తుకోవడమే తిట్లతో ఎత్తుకుంది.

"పేరు సెప్పకుండా దొంగతనంగా ఏస్తారా? మొదటి మాటకే తెల్సిపోయింది నాకు. నా సెల్లెలి గొంతు నాకు తెల్దా?"

"మరి కట్టేయకపోయారా అమ్మా?" అన్నాను. నా విసుగు నాది.

"సేతినిండా పిండి. ఎట్ట కట్టేది?"

 అంతలోనే గొంతు తగ్గించి అడిగింది.

"అది నా పేరు గట్టిగా సెప్పి ఏసిందా, మనసులో అనుకోని ఏసిందా? కొంచెం కనుక్కోండి మేడం."

"నేనెందుకమ్మా కనుక్కోవడం? మీరే అడగండి. నంబరిస్తా, రాసుకోండి."

"నంబరు నాకు నోటికొస్తాది" అంది రాజమ్మ. ఆ తర్వాత చిన్నపిల్లలా అడిగింది. "ఎత్తుతాదంటారా?"

ఎత్తుతుందన్నాను. ఆమె ఫోను పెట్టిన వెంటనే పాకాలకు చేశాను. లైను బిజీ. ఇంకోసారి చేశాను, బిజీనే. మధ్యాహ్నం దాకా నాకు ఆ లైను దొరకలేదు. లైను దొరకనందుకు నేను సంతోషపడింది నా ఉద్యోగంలో ఆ ఒక్కరోజే.

ఇప్పుడు ఎవరు కాగితం పట్టుకొచ్చినా గాజుల సంగతి తర్వాత. ముందు ఒకటే అడుగుతాను, "ఇది ఎవరికి వినబడాలి?" అని. ఇప్పటికీ సగంమంది "అందరికీ మేడం" అంటారు. వాళ్లను బయట బెంచీ మీద కూర్చోబెట్టి, ఆ ఒక్కరు ఎవరో గుర్తొచ్చాక లోపలికి రమ్మంటాను.