కచ్చా లంకె

మా బావకు ఎడమ కాలు మోకాలి కింద లేదు. దానికి కారణం నేనే. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను. మా ఊళ్లో ఇంకెవరి నోటనైనా వింటే రెండు కాళ్లూ తీసేశానని చెబుతారు.

మహారాష్ట్ర అంచున ఉన్న అల్లపల్లి అడవిలో టేకు దుంగలను వించితో, అంటే ఇనుప తాడును డ్రమ్ముకు చుట్టుకుంటూ లాగే యంత్రంతో, గుంజి లారీల మీదికి ఎక్కించే పని మాది. ఏడో తరగతిలో నేను బడిని వదిలానో, బడే నన్ను వదిలిందో ఇప్పటికీ తేలలేదు కానీ, పదిహేడేళ్లకే వించి లివరు నా చేతికి, దాని యాక్సిలరేటరు నా కాలికి వచ్చాయి. ఇనుప తాడు కట్టేది బావ. ఒక మధ్యాహ్నం దుంగ రెండు మొద్దుల మధ్య ఇరుక్కుంది. బావ చెయ్యెత్తి ఆపమన్నాడు. ఇంకొంచెం గుంజితే వచ్చేస్తుంది కదా అనుకున్నాను నేను. తాడు తెగింది. తెగిన తాడు పాములా వచ్చిందంటారు. పాముకు అంత తొందర ఉండదు. చప్పుడు నా చెవిన పడేసరికి బావ నేల మీద కూర్చుని ఉన్నాడు, కాలు మాత్రం ఆయనతో పాటు కూర్చోలేదు.

బావ కేసు పెట్టలేదు. ఆసుపత్రిలో లేచి కూర్చున్న రోజున నన్ను దగ్గరికి పిలిచి ఒంగమన్నాడు. ఒంగాను. ముక్కు మీద గుద్దాడు. నేను సిరోంచ వైపు నడుస్తుంటే నా ముక్కు ఈనాటికీ చామోర్షి వైపు చూస్తూ ఉంటుంది. "ఇగ అయిపోయింది, పో" అన్నాడు. ఆయనకు అయిపోయింది. నాకు మాత్రం తాడు తెగకూడదు అన్న ఒక్క పాఠం ఎముకల్లో దిగిపోయింది.

ఇదంతా పాత సంగతి. మొన్నటి సంగతికి వస్తాను.

వాయుసేనలో పనిచేసి రిటైరైన ఒక సారు, మూడు ఆఫీసుల ముద్రలు సంపాదించుకుని, మా తాలూకాలో ఎన్నికలప్పుడు హెలికాప్టర్లు దిగే ఎర్రమట్టి మైదానానికి ఒక విమానాన్ని తెచ్చాడు. వరికోతలయ్యాక మొదలుపెట్టి వానల దాకా పిల్లలకు ఎగరడం నేర్పుతానన్నాడు. రెక్కలు ఊడదీసి పొడవాటి ట్రాలీ మీద పడుకోబెట్టి తెచ్చిన ఆ విమానం చుట్టూ నేను రెండుసార్లు తిరిగి చూశాను.

"సార్, ఇంజనేది? తొవ్వల ఎవడన్న ఎత్తుకపోయిండా?" అన్నాను.

దీన్ని గ్లైడరు అంటారనీ, దీనికి ఇంజను ఉండదనీ సారు మరాఠీలో చెప్పాడు. మైదానం ఈ చివర వించి, ఆ చివర గ్లైడరు, మధ్య కిలోమీటరు పొడవు ఇనుప వైరు. వించి గుంజితే గ్లైడరు గాలిపటంలా పైకి లేస్తుంది. పైన వైరును వదిలేసి, కాగిన నేల మీది నుంచి లేచే వేడిగాలిని పట్టుకుని తిరుగుతుంది. ప్రాణహిత ఇసుక మీద గద్దలు రెక్క ఆడించకుండా అంతంత ఎత్తుకు పోయేది ఆ గాలిలోనే. నాకు వించి వచ్చని తెలియగానే సారు నన్ను పనిలో పెట్టుకున్నాడు. లారీ ఇంజనుతో చేసిన వించి. కూర్చోగానే నా కుడికాలికి పాత స్నేహితుడు దొరికినట్టయింది.

నేర్చుకోవడానికి మొదట పేరిచ్చింది మా బావ కూతురు, నా మేనకోడలు. సిరోంచలో డిగ్రీ చదువుతోంది. మూడు నెలలు సారును వెనక సీట్లో కూర్చోబెట్టుకుని ఎగిరింది. ఇక మిగిలింది ఒక్కటే, ఒంటరిగా ఎగరడం. సారు వానల ముందు విమానం ట్రాలీ ఎక్కించుకుని వెళ్లిపోతాడు. అంతలోగా ఒంటరిగా ఎగరాలి. తిండి, నిద్ర, పరీక్షలు అన్నీ ఆ పిల్లకు ఆ తరువాతే.

ఆ ఒక్కదానికీ నా పాత పాఠం అడ్డొచ్చింది.

వైరుకూ గ్లైడరుకూ మధ్య అరచేతి పొడవున ఒక ఎర్ర రేకు ఉంటుంది. కావాలనే బలహీనంగా చేస్తారు దాన్ని. వించి మరీ గట్టిగా గుంజినా, పైన గాలి మరీ గట్టిగా కొట్టినా, రెక్కలు విరిగే లోపల ఆ రేకు తెగిపోవాలి. నేను దానికి కచ్చా లంకె అని పేరు పెట్టాను. తెగడానికే పెట్టే వస్తువట! పెళ్లిపందిరికి కూలిపోయే రాట పాతినట్టు. ఆ వారంలో అది మూడుసార్లు తెగింది. తెగినప్పుడల్లా గ్లైడరు ముక్కు దించి, నేలను డమ్మని కొట్టి, ఎర్ర దుమ్ములో గెంతుకుంటూ ఆగేది. లోపల సారు ఉన్నాడు కాబట్టి ఏమీ కాలేదు.

"లంకె తెగడం లేదు, నువ్వు తెంపుతున్నావు" అన్నాడు సారు నాతో. "మెల్లగా తొక్కు."

మూడోసారి బావ అక్కడే ఉన్నాడు. చంకకర్ర నేలకు పొడుచుకుంటూ నేరుగా నా దగ్గరికి వచ్చాడు.

"ఇగో బామ్మర్ది, జర ఇనుకో. మల్లొక్కపారి తెగిందంటే నా బిడ్డను ఇంటికి తోలుకపోత. ఎగురుడు గిగురుడు బంద్. ఇగ నీ కాళ్లంటవా, రెండు ఇరగ్గొడ్త. ఒక్కటే ఇరగ్గొడితే నా తీరు అవుతవు, నాకు మంచిగనిపియ్యది."

"బాపూ, అది తెగేదే. తెగితెనే మంచిది" అంది కోడలు పరుగెత్తుకొచ్చి.

"తెగుడు మంచిదా? ఎవలకు చెప్తున్నవే? నాకా?" అని బావ ముడిచి కుట్టిన ప్యాంటు కాలును ఎత్తి చూపించాడు.

కోడలి మొహం చూశాక నా బుర్ర పనిచేయడం మొదలుపెట్టింది. నా బుర్ర పనిచేసిన రోజులన్నీ మా వంశానికి చెడ్డరోజులే. లారీ అడుగున బరువు మోసే ఉక్కు కమాన్ పట్టీలోంచి అరచేతి పొడవు ముక్క కోయించాను. రెండు బెజ్జాలు వేయించాను. దుంగల మీద గుర్తులు వేసే ఎర్ర రంగు పూశాను. పొద్దున్నే వైరును సిద్ధం చేసేది నేనే కాబట్టి లంకె స్థానంలో దాన్ని బిగించాను. ఏనుగును కట్టినా తెగదు. నా కోడలిని ఇక ఎవరూ ఆపలేరని సంబరపడ్డాను.

ఆ పొద్దునే సారు ఆమెను ఒంటరిగా పొమ్మన్నాడు. బావ నా మీద నమ్మకం లేక వించి వెనకాలే కుర్చీ వేసుకున్నాడు. ఆ చివర జెండా ఊగింది. తొక్కాను. డ్రమ్ము గిర్రున తిరిగింది, గ్లైడరు నేలను విదిలించుకుని నిట్టనిలువుగా లేచింది. సగం ఎత్తు దాటిందో లేదో, నది వైపు నుంచి ఈదురుగాలి వచ్చి మైదానాన్ని చెంపదెబ్బ కొట్టినట్టు కొట్టింది. దుమ్ము లేచి నా కళ్లల్లో పడింది. వైరు వీణతీగలా బిగిసి ఏడవడం మొదలుపెట్టింది. ఆ ఏడుపు నాకు తెలుసు, అడవిలో ఒకసారి విన్నాను. ఇంజను వణికింది. పైన గ్లైడరు తోక అటూ ఇటూ కొట్టుకుంటోంది. గుంజుడు ఎక్కువైంది ఆపండి అని దాని అర్థం. నేను కాలు తీసేశాను. కాలు తీసినా గాలి గుంజుతూనే ఉంది. రెక్కల కొసలు పైకి వంగాయి. విల్లు ఎక్కుపెట్టినట్టు.

తెగాలి. తెగదు. తెగకుండా చేసింది నేనే.

"కొట్టురా! కొట్టు!" అని బావ వెనక నుంచి అరిచాడు.

వించికి వైరును నరికే కత్తి ఒకటి ఉంటుంది, ప్రమాదంలో వాడటానికి. దాని లివరును రెండు చేతులతో కిందికి కొట్టాను. వైరు తెగిపోయింది. డ్రమ్ము మీద మిగిలిన ముక్క మాత్రం పిచ్చిదానిలా తిరుగుతూ నాకు అడ్డంగా ఉన్న ఇనుప జాలీని చీల్చుకుని వచ్చి నా భుజాన్ని కొట్టింది. ఎముక పటుక్కుమంది. నెత్తురు నోట్లోకి కూడా వచ్చింది, నాలుక కరుచుకున్నాను.

పైన కోడలు వైరును వదిలించుకుని ముక్కు దించింది. గ్లైడరు మా వైపే వచ్చి, నేలను రెండుసార్లు గుద్ది, ఒక రెక్క మట్టిలో గీరుకుని అడ్డంగా తిరిగి ఆగింది. సారు, మిగతా పిల్లలు అటు పరుగెత్తారు. బావ మాత్రం కర్ర వేసుకుంటూ వైరు పడిన చోటికి నడిచాడు. దుంగల పనివాడు ఏం జరిగినా ముందు తాడునే చూస్తాడు. బిడ్డ దిగి నిలబడడం అప్పటికే చూసి ఉంటాడు. కూర్చుని, లంకెను చేతిలోకి తీసుకుని, గోటితో రంగు గీకాడు. కింద నల్లటి కమాన్ పట్టీ బయటపడింది.

తిరిగొచ్చి నన్ను మంచి చెయ్యి పట్టుకుని వించిలోంచి కిందికి లాగాడు. ఒంటికాలి మీద నిలబడి చంకకర్రతో కొట్టాడు. వీపు మీద, పిర్రల మీద, ఎక్కడ దొరికితే అక్కడ. కర్ర విరిగింది. విరిగాక పట్టు తప్పి నా మీదే పడ్డాడు. పడిన చోటి నుంచి పిడికిలితో గుద్దాడు.

"మల్ల అదే పని! మల్ల అదే!"

"తెగితె ఇంటికి తోలుకపోతనంటివి గద బావా!" అని నేను ఏడ్చాను.

పిడికిలి గాల్లో ఆగింది. అప్పటికి సారు వచ్చేశాడు. పట్టీ చూసి ఆయన మొహం తెల్లబోయింది. ఇది ఎవరు పెట్టారని అడిగాడు.

"నేనే పెట్టిపిచ్చిన" అన్నాడు బావ.

కోడలు పెదవి చిట్లి నెత్తురు కారుతోంది. వైరు వదిలే గుండీ మొదట ఎంత లాగినా రాలేదంది, బిగువు అంత ఉందట. పట్టీని తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. తండ్రిని చూడలేదు, నన్నే చూసింది.

"మామా, నేనేమన్న దుంగనా?"

బావ కొట్టిన దెబ్బలన్నీ ఒక పక్క, ఆ మాట ఒక పక్క.

నన్ను సారు వించి దగ్గరికి రానివ్వనన్నాడు. ఎలాగూ నా చెయ్యి మెడకు వేలాడుతోంది. రెక్క కొస బాగుచేసి, నాలుగు రోజుల తరువాత గాలి నిమ్మళించిన పొద్దున, ఆయనే వించిలో కూర్చున్నాడు. కొత్త చంకకర్రతో బావ గ్లైడరు దగ్గరే నిలబడ్డాడు. ఎర్ర రేకును అడిగి తీసుకున్నాడు. గోటితో గీకి, పంటితో కొరికి చూసి, తన చేత్తో బిగించాడు.

గ్లైడరు లేచింది. తాడిచెట్టు ఎత్తు దాటగానే పైన టప్‌మని వినిపించింది. బావ భుజాలు ఒక్కసారి ఎగిరిపడ్డాయి. కోడలు ముక్కు దించి, గీత గీసినట్టు నేరుగా దిగి, మెల్లగా ఆగింది. అందరం బావనే చూస్తున్నాం. ఇంటికి పదమంటాడేమోనని ఆ పిల్ల గాజుమూత కూడా తెరవలేదు.

బావ కర్ర పొడుచుకుంటూ వెళ్లి, మట్టిలోంచి రెండు ముక్కలైన రేకును ఏరుకున్నాడు. తెగిన అంచును బొటనవేలితో చాలాసేపు తడిమాడు.

"తెగింది" అన్నాడు. తరువాత మా అందరి మీదా అరిచాడు, "ఏందట్ల చూస్తుండ్రు? ఇంకోటి తెండ్రి!"

రెండోది తెగలేదు. ఆమె నది వైపు తిరిగి, గద్దలు తిరుగుతున్న చోటికి పోయి, వాటి కింద ఒక చుట్టు, వాటితో ఒక చుట్టు, వాటి మీద ఒక చుట్టు తిరిగింది. నేను తలెత్తి చూడబోతే బావ నా విరిగిన భుజాన్ని వేలితో పొడిచాడు.

"నువ్వు కిందికి చూడు. నీ దిష్టి తాకుతది."