దూది మరిచిన పెళ్లిచూపులు

నా పెళ్లిచూపుల్లో నేను చేసిన ఘనకార్యం వింటే మీరెవ్వరూ నాకు పిల్లనివ్వరు. ఇప్పుడు నాకు పిల్ల అక్కర్లేదు కాబట్టి ధైర్యంగా చెప్తున్నాను.

కర్నూలు మనకు రాజధానిగా ఉన్న రోజులవి. నేను ప్రొద్దుటూరులో పత్తి నుంచి గింజలు వేరుచేసే మిల్లులో పనిచేసేవాణ్ణి. ఆ యంత్రాల మోతకు పైకప్పు రేకులే వణికేవి. మా ఫిట్టరు కాశిం మామ మాత్రం ముప్పై ఏళ్లుగా ఆ మోతలోనే ఉన్నా చీమ దగ్గినా వినేవాడు. పొద్దున్నే దూదిని ఆముదంలో తడిపి, పిండి, ఉండలు చేసి, గేటు దగ్గర నిలబడి మా అందరి చెవుల్లో తనే పెట్టేవాడు. యజమాని చెప్పిందీ లేదు, సర్కారు అడిగిందీ లేదు. అలాంటి మనిషిని నేను మళ్లీ చూడలేదు.

"ఈ పొద్దు నాకొద్దు మామా. సాయంత్రం జమ్మలమడుగుకు పిల్లను చూసేకి పోతాండా. ఆముదం కంపుతో ఎట్ల పోయేది?" అన్నాను ఆ రోజు.

"కంపు కడుక్కుంటే పోతాది. చెవులు పోతే యాడ తెచ్చుకుంటావప్పా?"

నేనే పెట్టుకుంటానని ఉండలు చేతిలోకి తీసుకుని, మామ అటు తిరగ్గానే పారేశాను. మిల్లు నిండా దూదే, నా చెవుల్లో తప్ప.

సాయంత్రానికి రెండు చెవుల్లోనూ కందిరీగలు కాపురం పెట్టాయి. ఆ హోరులో ఇంకేమీ వినపడటం లేదు. అయినా సెంటు పూసుకుని, అమ్మను, పెద్దమనిషిగా కాశిం మామను వెంటబెట్టుకుని బస్సెక్కాను.

పిల్ల వచ్చి కూర్చుంది. ఈ సంబంధం తప్పిపోతే నా బతుకెందుకు అనిపించింది. నా మనసులో మాట అమ్మ చెవిలో గుసగుసలాడాను. గుసగుస అని నేననుకున్నాను. వచ్చింది మాత్రం మిల్లు గొంతు.

"పిల్ల శానా బాగుండాదిమా. వాళ్ల నాయన్ను చూస్తేనే బయమైతాంది. ఆ మీసాలేంది, పొట్టేలు కొమ్ముల మాదిరి?"

అమ్మ తొడపాశం పెట్టింది. పాపం ఆమెకు వినపడలేదేమోనని మళ్లీ మొదట్నుంచీ చెప్పాను.

తర్వాత జరిగింది అమ్మ చెప్పగా తెలిసింది. పిల్ల తండ్రి లేచి, "పిల్లోనికి చెముడా, పొగరా?" అన్నాడట.

"రెండూ కాదు రెడ్డీ. ఈ పొద్దు దూది పెట్టుకోల్యా. రెండు దినాలు మోతకు దూరంగా ఉంటే సర్దుకుంటాది. పూచీ నాది," అన్నాడట కాశిం మామ.

అప్పుడు పిల్ల తల వంచుకునే ఏదో గొణిగింది. అంతమందిలో అది విన్నది మామ ఒక్కడే. "పాప ఏమో అంటాంది, వినండి," అన్నాడు.

"దినామూ దూది పెట్టుకుంటానని ఒట్టేస్తే నాకిష్టమే," అంది పిల్ల.

మామ తన చెవుల్లో వేళ్లు పెట్టి చూపించి, నా చేతిని అమ్మ తలమీద పెట్టాడు. నేను వేసిన ఒట్టుకు వీధిలో ఎద్దులు బెదిరాయట.

మామ పుణ్యమా అని ఈ వయసులోనూ నా చెవులు నిక్షేపంగా ఉన్నాయి. అందుకే నిన్న సాయంత్రం మామను తలుచుకుని చేతులు జోడించి, "ఇంకెప్పుడూ చెవుల్లో దూది పెట్టుకోకుండా మిల్లుకూ పోను, పెళ్లిచూపులకూ పోను," అని గంభీరంగా ప్రతిజ్ఞ చేశాను.

వంటింట్లోంచి మా ఆవిడ, అదే ఆ జమ్మలమడుగు పిల్ల, "మళ్లీ యాడికి పెళ్లిచూపులకు?" అంది మెల్లగా. ఒక్క అక్షరం పొల్లుపోకుండా వినపడింది.