పంగల కర్ర వంగిన చోటు

దయ్యాలను, మహిమలను నేనెప్పుడూ నమ్మలేదు. నమ్మేవాళ్ల మీద బతికినవాణ్ణి, నాకెందుకు నమ్మకం? కంబదూరు చుట్టుపక్కల బోర్లకు పాయింట్లు చూపించడం నా పని. వేప పంగల కర్ర రెండు చేతులా పట్టుకుని చేలో నడుస్తాను. నీళ్లున్న చోట కర్ర కిందికి వంగుతుంది.

వంగదు, నేనే వంచుతాను. చెట్ల పచ్చదనం, పుట్టలు, పక్క చేలో బోరు యాడ పడింది, ఇవి చూసుకుని మణికట్లు లోపలికి కొంచెం తిప్పితే చాలు. ఈ గుట్టు తెలిసిన మనిషి ఒక్కతే, నా భార్య లచ్చుమమ్మ.

రెండువేల సంవత్సరం దాటినాక ఒక కరువు ఏడాది ఆమెకు ఎడమ రొమ్ములో గడ్డ లేచింది. అరవై ఐదు దాటిన మనిషి. బెంగళూరులో ఆపరేషన్ చేసి రొమ్ము తీసేసినారు. ఇది తొందరగా పాకే రకం, మాత్రలు పనిచేయవు, కీమో ఎక్కించాలన్నాడు డాక్టరు. ఈ వయసులో గుండె తట్టుకోవాలి, ప్రతిసారీ పరీక్ష చేసి చూసుకుంటూ పోదామన్నాడు. నేను వెనకాడినాను. ఆమె వెనకాడలేదు. నాకు బతకాలని ఉండాది, పెట్టమని చెప్పు అంది.

జుట్టు పోయింది. ముద్ద నోట్లో పెడితే ఇనుము నమిలినట్టుంది అనేది. ఆపరేషన్ చేసిన వైపు చేతికి సూది వేయకూడదు, మిగిలింది కుడి చెయ్యే. మందు ఎక్కించి ఎక్కించి ఆ చేతి నరాలు బిగుసుకుపోయినాయి. ఒకసారి నర్సు ఎన్ని చోట్ల పొడిచినా నరం దొరకలేదు.

"ఏమప్పా, ఊర్లోళ్లకంతా నీళ్లు చూపిస్తావే, నా చేతిలో ఒక పాయింటు చూపీ," అంది లచ్చుమమ్మ. నర్సు కూడా నవ్వింది.

ఆసుపత్రిలో కర్ర పట్టి నేనే నరం చూపించినానని, డాక్టర్లు నోరు తెరిచినారని ఊర్లో చాలామందికి చెప్పినాను. అబద్ధం. నర్సు ఆమె చేతిని వేణ్ణీళ్లలో పెట్టించి తనే వెతుక్కుంది.

ఇప్పుడు చెప్పేది మాత్రం ఊర్లో ఎవరికీ చెప్పలేదు.

ఇంటికొచ్చిన మరుసటి రోజు ఆమె మంచం మీద గోడవైపు తిరిగి పడుకుని ఉంది. వాకిట్లోంచి సాయంత్రపు ఎండ లోపలికి పడుతోంది. నవ్విద్దామని కర్ర తీసుకున్నాను. వచ్చేసారికి ఇప్పుడే పాయింటు పెడతానుండు అంటూ ఆమె చేతి మీద పట్టినాను. వంచబోతే వంగలేదు. నడుము మీదికి వచ్చేసరికి దానంతట అదే కిందికి లాగింది. అరచేతుల తోలు లేచి నెత్తురొచ్చింది.

నెత్తురు రాలేదు. అలవాటుకొద్దీ కలిపినాను. ఎర్రగా కమిలింది, అంతే. కానీ లాగింది నిజం. ఇన్నేండ్లలో ఆ కర్ర నన్ను ఎప్పుడూ లాగలేదు. మళ్లీ పట్టి చూసినాను. మళ్లీ అక్కడే, వెన్నుపూస మీద.

"పడిందా?" అంది, ఇటు తిరక్కుండానే.

"పడలే," అన్నాను.

డాక్టరుకు చెబుదామనుకున్నాను. ఏమని చెప్పేది? కీమో పూర్తయింది, అంతా బాగుందన్నారు. నెత్తిన సన్నగా వెంట్రుకలు మొలిచినాయి.

ఆపై ఏడాది చెనిక్కాయ చేలో కలుపు తీస్తూ తీస్తూ నడుం పట్టుకుని కూర్చుండిపోయింది. బెంగళూరులో డాక్టరు ఫిల్మును వెలుతురుకు పెట్టి పెన్నుతో చూపించబోయినాడు. నా కళ్లు అంతకుముందే ఆ చోటికి పోయినాయి.

ఆ పొద్దు కర్ర లాగింది నిజమేనని చివరి రోజుల్లో ఆమెతో ఒప్పుకున్నాను. ఏండ్ల తరబడి అలవాటైన చేతులు, నాకు తెలియకుండానే తిరిగుంటాయిలే అన్నాను. అది ఆమెకు చెప్పినానో, నాకు నేను చెప్పుకున్నానో.



"ఆ పొద్దు గోడ మీద నీ నీడ చూస్తానే ఉన్నా," అంది లచ్చుమమ్మ. "నీ చేతులు తిరగలేదప్పా."

నా మోసం పట్టుకోగలిగిన మనిషి ఆమె ఒక్కతే. ఆ మనిషే అట్లా చెప్పి పోయింది.

పాయింట్లకు ఇప్పటికీ పిలుస్తారు. పోతాను, వంచుతాను. ఆనాడు అది ఎందుకు వంగిందో నాకు ఇప్పటికీ తెలియదు. చేలో నడిచేటప్పుడు మాత్రం కర్రను నా ఒంటికి దూరంగా చాచి పట్టుకుంటాను.