సందు చివరవ్వ ఇంట్లో ప్రార్థన

నేను డిగ్రీ చదివే ఆ రోజుల్లో భక్తిని బజ్జీలతో కొలిచేదాన్ని. శనివారం కాగానే నంద్యాల హాస్టల్ నుంచి ఆళ్లగడ్డకు పరిగెత్తుకొస్తుంటే, ప్రార్థన కూడిక మీద ఎంత ఆశో అని అమ్మ మురిసిపోయేది. నిజానికి నా ఆశంతా కూడిక అయ్యాక పెట్టే పలహారం మీద. (దేవునికి తెలుసు, పాపం ఆయన అమ్మకు చెప్పలేదు.) మా సందులో వారానికొక ఇంట్లో ప్రార్థన. ఒకరు టీ, బిస్కెట్లు ఇస్తే పై వారం ఇంకొకరు బోండాలు, ఆ పై వారం మా అమ్మ ఉగ్గాని, బజ్జీ. పోటీ అలా పెరిగిపోయి, కూలికి పోయి ఒంటరిగా బతికే సందు చివరవ్వ వంతు వచ్చేసరికి, "పాపం, ఆమెకెందుకు ఖర్చు" అని అందరూ దాటేసేవాళ్లు. ఒకరోజు అవ్వ అమ్మను నడివీధిలో నిలదీసింది. "ఏమ్మే, దేవుడు మా ఇంటికి రాడా? వాకిలి పొట్టిదనా?"

దాంతో ఆ శనివారం అవ్వ ఇంట్లోనే అని తేలింది. అవ్వ పరువు పోకూడదని అమ్మ క్యారియర్ నిండా బజ్జీలు సర్ది, టవలు కప్పి, "ఎవరికీ కనపడకుండా ఎనక వాకిట్లో ఇచ్చి రాపో" అని నన్ను తరిమింది. గోడవార నక్కి నక్కి పోతే, అక్కడ వడల గిన్నెతో పాస్టరమ్మగారు! "ఊరికే వచ్చినా" అన్నారామె. "నేనూ ఊరికేనమ్మా" అన్నాను. ఇంతలో టైలరన్న భార్య కూడా ఓళిగల డబ్బాతో ఊరికే వచ్చింది. అవ్వ అన్నీ అందుకుని లోపల పెట్టింది.

పాస్టరయ్య ఉన్నదానితో తృప్తిపడమని వాక్యం చెబుతుంటే మా ముక్కులన్నీ వంటింటి వైపే. ఆమెన్ అనగానే అవ్వ ఉడకబెట్టిన శనక్కాయలు గంపతో తెచ్చి మధ్యలో పెట్టింది. కూలికి బదులు ఇచ్చిన కాయలవి. అమ్మ చిన్నగా దగ్గింది.

"అవ్వా, లోపల ఇంకేమో ఉండాయి గదా?"

"ఉండాయి. అవి మీవి, ఇవి నావి. దేవుడు ఇచ్చింది నాకు చాలు, ఈ పొద్దు మీకూ చాలుతాది. ఇచ్చే సంతోషమంతా మీరే పెట్టుకుంటే నాకేం మిగుల్తాదమ్మే?"

అందరికంటే ముందు అమ్మే గంపలో చెయ్యి పెట్టింది. నాకు ఏడుపొచ్చింది, సగం అవ్వ మాటకు, సగం బజ్జీలకు. అవన్నీ పక్కింటి బూబమ్మ పిల్లలకు పోయాయి. ఖాళీ గిన్నె పంపకూడదని అవ్వ మా క్యారియర్‌లో శనక్కాయలు నింపి ఇచ్చింది.

ఇప్పుడు నంద్యాలలో నాకూ ఒక ఇల్లుంది. మొన్న ప్రార్థనకు పలహారాలన్నీ ఫోన్లో చెప్పి తెప్పించాను. మా ఇంట్లో పనిచేసే మహానంది వైపు అమ్మాయి అరటిపళ్లు తెచ్చి, "మా చెట్టువి అక్కా, అందరికీ పెట్టు" అంది. "నీకెందుకే ఇవన్నీ" అనబోయి నాలుక కరుచుకున్నాను. బజ్జీల పళ్లెం వెనక్కి జరిపి ముందు ఆ పళ్లే పంచమన్నాను. ఆ పిల్ల ఒక్కొక్కరి చేతిలో పండు పెడుతుంటే దాని ముఖంలో అవ్వే కనిపించింది.

ఆ తర్వాత వంటింట్లోకి పోయి ఒక బజ్జీ ఎక్కువే తిన్నాను లెండి. అమ్మ ఇప్పుడు దేవుని దగ్గరే ఉంది, నా భక్తి సంగతి ఈపాటికి ఆయన చెప్పేసే ఉంటాడు.