అందరికీ తప్పనిసరి అన్నాను

మా ఆర్మూర్‌లో రైతులం కొందరం కలిసి పెట్టుకున్న పసుపు గోదాములో చాలా ఏళ్లు రిజిస్టరు రాసింది నేనే. బడికి పోయినవాణ్ణి కాను. సంచుల మీది అక్షరాలు చూసి చదువు నేర్చుకున్నాను. రిజిస్టరులో ఖాళీగా వదిలిన గడి కనబడితే నాకు ఒళ్లు మండేది. ఆ ఖాళీలో ఎవడో తన పేరు రాసుకుని ఇంకొకరి సంచులు ఎత్తుకుపోవడం కళ్లారా చూశాను.

నిరుడు రిజిస్టరు పోయి కంప్యూటరు వచ్చింది. అందులో ప్రోగ్రాము రాసిన, పక్క ఊరు పెర్కిట్ అమ్మాయి నన్ను పక్కన కూర్చోబెట్టుకుని ఒక్కో గడీ అడిగింది.

"భూమి పాస్‌బుక్ నంబరు అందరికి తప్పనిసరా తాతా? కౌలుదార్లకు ఉండదు గదా. కౌలు అని నొక్కితే గా గడి అడగకుండ షరతు పెడ్త."

"షరతులు పెడితే దొంగలకు తొవ్వ దొరుకుతది బిడ్డా. అందరికి పెట్టు."

"మస్తు మొండోనివి తాతా," అని నవ్వి, అట్లాగే పెట్టింది.

ఆ ఏడు మార్చిలో మబ్బు పట్టిన ఒక పొద్దున దొంకేశ్వర్ నుంచి ఒకామె ట్రాలీ ఆటోలో పసుపు తెచ్చింది. ఉడకబెట్టి, ఎండబెట్టిన కౌలు పంట. ఏటా వచ్చే మనిషే. గేటు దగ్గర గుమస్తా పాస్‌బుక్ నంబరు అడిగాడు. అది కొట్టందే కంప్యూటరు లోపలికి చీటీ ఇవ్వదు.

"నీకు భూమి కౌలుకిచ్చిన పటేల్‌ను అడిగి చెప్పరాదా?" అన్నాను.

"ఇయ్యడు కాకా. నంబరిస్తే రేపు భూమి నాదే అంటనని ఆయన భయం. ఇన్నేండ్లు నువ్వే రాసుకున్నవు గదా, గిప్పుడేమైంది?"

అప్పుడు తట్టింది. కౌలువాళ్లు వస్తే ఆ గడిలో గీత కొట్టి, పొలం ఎవరిదో, ఏ ఊళ్లో ఉందో పక్కన రాసింది నేనే. ఆ షరతు నా చేతికి తెలుసు. అడిగినప్పుడు నోటికి రాలేదు.

అమ్మాయికి ఫోన్ చేస్తే పెళ్లిలో ఉన్నానంది, సాయంత్రం మారుస్తానంది. గుమస్తా మీద అరిచాను.

"లోపలికి తోల్రా, నేను చెప్తున్న."

"చీటీ రానిది గేటు తియ్యొద్దన్నది నువ్వే గదనే."

మధ్యాహ్నం వాన కొట్టింది. కప్పడానికి ఉన్న కవరు సగం సంచులకు కూడా చాలలేదు. రంగు పోయిన పసుపు కొమ్ములను ఆమె చీర కొంగుతో తుడుస్తుంటే నేను గేటు లోపలి షెడ్డులో పొడిగా నిలబడి ఉన్నాను.

సాయంత్రానికి అమ్మాయి షరతు పెట్టేసింది. కౌలు అని నొక్కితే పాస్‌బుక్ అడగదు, పొలం యజమాని పేరూ ఊరూ అడుగుతుంది. చక్కగా పనిచేస్తోంది. ఈ ఏడు దొంకేశ్వర్ ఆమె కౌలు వదిలేసి బీడీలు చుడుతోందట.