ఎడమ కన్ను ఒక్కటే

వీధి చివరి ఫోటో స్టూడియోలో కిటికీ పక్కన బల్ల వేసుకుని, ఎదుటివాళ్ల మొహాల్ని నవ్వొచ్చేలా గీసే ఆయన్ని అందరూ బొమ్మలాయన అనే పిలిచేవారు. పిల్లలు టీవీకి అతుక్కుపోయి చూసే కార్టూన్ ఒకటుంది. అందులో ఎవరికీ మెడ ఉండదు, చేతికి నాలుగే వేళ్లు, కనుపాపలు రెండూ ముక్కువైపు జరిగి ఉంటాయి. అచ్చం అలాగే గీసిమ్మని పిల్లలు ఆయన ప్రాణం తోడేసేవారు. ఎవరొచ్చి కూర్చున్నా ముందు మెడ తీసేసి, ఓ వేలు ఎగ్గొట్టి, కనుపాపల్ని ముక్కు దగ్గరికి చేర్చేవాడు. ఆ తర్వాత ఆ మనిషికే సొంతమైనదేదో, ఎత్తుపళ్లో దొప్పచెవులో, పట్టుకుని పెద్దది చేసేవాడు. పక్క కొట్టు దర్జీ తన బొమ్మ చూసుకుని, ఇక నాకు అద్దంతో పనిలేదన్నాడు.

ఒక ఆదివారం ఇంట్లో, తను పిచ్చుక అని పిలుచుకునే నాలుగేళ్ల కూతుర్ని గీశాడు. భార్య చూసి నవ్వింది.

“ఏమండీ, ఎడమ కన్ను ఒక్కటే తిప్పారు. రెండోది మర్చిపోయారా?”

నిజమే. చెరిపి రెండూ తిప్పాడు. అది పిచ్చుకలా లేదు. మళ్లీ చెరిపాడు. ఈసారి చెయ్యి తనంతట తానే కుడి కనుపాపను మధ్యలో పెట్టి, ఎడమదాన్ని ముక్కువైపు జరిపింది. కాగితం మీద పిచ్చుక ఉన్నదున్నట్టు దిగిపోయింది.

తను గీసింది కార్టూన్ కన్ను కాదు, కూతురి కన్ను. ఏడాదిగా అందరి కనుపాపలూ ముక్కువైపు తోసీ తోసీ, ఇంట్లో నిజంగానే పక్కకి జరిగిన కన్ను ఆయనకు వింతగా అనిపించనే లేదు.

పిచ్చుకను ఒళ్లో కూర్చోబెట్టుకుని ఎడమ కన్ను అరచేత్తో మూశాడు. అది తన కబుర్లు తను చెబుతూనే ఉంది. కుడి కన్ను మూశాడు. కబుర్లు ఆగిపోయాయి. చెయ్యి తోసేసి ఏడుపు లంకించుకుంది. భార్య నమ్మలేక తనూ మూసి చూసింది. అదే ఏడుపు. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేకపోయారు.

మర్నాడు కంటి ఆసుపత్రిలో పిచ్చుక కళ్లలో చుక్కలు వేసి గంట కూర్చోబెట్టారు. మొహాలు చదవడమే బతుకుదెరువైనవాడు డాక్టరమ్మ మొహంలోకే చూస్తూ కూర్చున్నాడు. అందులో ఏమీ దొరకలేదు.

చివరికి ఆవిడ, లోపల గడ్డలాంటిదేమీ లేదని చెప్పింది. కాకపోతే ఎడమ కన్ను చూసేదాన్ని మెదడు పట్టించుకోవడం మానేస్తోందట. కళ్లద్దాలు పెట్టాలి, రోజూ కొన్ని గంటలు బాగున్న కంటికి పట్టీ వెయ్యాలి.

“చూపొస్తుందా డాక్టరు గారూ?”

“కొంత రావాలి. ఎంతన్నది ఇప్పుడే చెప్పలేను. మీరు జాలిపడి పట్టీ తీసేస్తే మాత్రం రాదు.”

కళ్లద్దాలు వచ్చిన రోజు పొద్దున్నే పట్టీ వేశారు. భార్య వంటగదిలోకి వెళ్లి తలుపు దగ్గరగా వేసుకుంది. పిచ్చుక గోడ పట్టుకుని రెండడుగులు వేసి ఆగిపోయింది.

“నాన్నా, నీ మొహం సరిగ్గా కనపడట్లేదు.”

“ఇక్కడే ఉన్నానమ్మా. రా.”

అది తడుముకుంటూ వచ్చి ఆయన మోకాలు పట్టుకుంది. తర్వాత దాని వేళ్లు పట్టీ మీదికి వెళ్లాయి. ఆయన ఆ రెండు చేతులూ పట్టుకున్నాడు. అది గింజుకుంది, బతిమాలింది, చివరికి ఏడ్చింది. అయినా ఆయన వదల్లేదు.